పట్టా అమ్మొద్దు, గుట్ట దిగొద్దు

పోయిన నెల పులివెందులలో మన మీటింగు అయిపోయినాక టీ అంగడి దగ్గర ఒక తమ్ముడు నన్ను నిలేసినాడు. "సార్, మీ తమ్ముడు గుట్ట మీద ఇల్లు కట్టుకున్నాడంట గదా. అంబేద్కరేమో పల్లె వదిలి బయటపడమన్నాడు. మీరు ఊరికి కూడా అవతల రాళ్లగుట్ట ఎక్కి కూర్చుంటిరి. ఇదేం చైతన్యం?" అన్నాడు. చదువుకున్న పిల్లోడు. అడిగినదాంట్లో న్యాయం ఉంది. బస్సు వచ్చిందని ఆ పొద్దు సగం జవాబే చెప్పి వచ్చినా. మిగతా సగం ఇక్కడ రాస్తున్నా. ఈ ప్రశ్న ఆ ఒక్క తమ్మునిది కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టూ గుట్టల మీద పట్టాలు తీసుకోని, కట్టాల్నా అమ్మాల్నా అని ఎటూ తేల్చుకోలేక ఉన్న మన ఇండ్లన్నిటిదీ.

మొదట ఒక మాట. గుట్ట మనం కోరుకున్నది కాదు, మనకు చూపించినది.

మన పల్లెల పొందిక చూడండి. నల్లరేగడి చేన్లు ఎవరివో, బావులు ఎవరివో, చెరువు కింది మడి ఎవరిదో అందరికీ తెలుసు. మాలపల్లె, మాదిగపల్లె ఊరి మురికి పారే దిక్కున ఉంటాయి. ఇంటి స్థలాలు ఇయ్యండి అని సర్కారు అన్నప్పుడల్లా ఊరి పెద్దల చెయ్యి ఒక్క దిక్కుకే లేస్తుంది. నాగలి దిగని, గొర్రెకు గడ్డి మొలవని రాతిగుట్ట దిక్కుకు. దాన్నే కొలిచి, సున్నం గీసి, ఫోటో తీసుకోని మన చేతిలో కాగితం పెడతారు. మైదానం వాళ్లకు, గుట్ట మనకు. ఇది ఏ రికార్డులోనూ రాయని మనుధర్మం.

అదే గుట్ట పెద్దోళ్ల చేతిలో పడితే ఎస్టేటు అవుతుంది. ఇడుపులపాయలో తమ కుటుంబం కింద ఆరువందల ఎకరాలకు పైగా అసైన్డు భూమి ఉందని 2006లో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి శాసనసభలోనే చెప్పి సర్కారుకు అప్పజెప్పినారు. పేదోనికని రాసిన నేల అన్నేండ్లు ఎవరి కింద ఉండిందో ఆలోచించండి. మనకు గుట్ట ఇచ్చేటప్పుడు కొలిచేది ఎకరాల్లో కాదు, సెంట్లలో.

మా నాయన, మా అమ్మ కూడా ఆ గుట్ట అడుగునే ఇల్లు కట్టుకున్నారు. ఎస్సీ ఎస్టీలకు, వెట్టి నుంచి విడుదలైనోళ్లకు ఇండ్లని కేంద్రం 1985లో ఇందిరా ఆవాస్ యోజన పెట్టింది. నాలుగైదేండ్లకు అది మా పల్లె దాకా వచ్చింది. మా నాయన నాపరాయి గనిలో బండలు లేపే కూలి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల దిక్కు భూమి పుస్తకం మాదిరి ఉంటుంది, పొర మీద పొర. సందు చూసి గడ్డపార మొన పెట్టి తడితే పొర లేస్తుంది. ఆ బండలు కడప బండలన్న పేరుతో ఊరూరికీ పోయి పెద్దిండ్ల నట్టింట్లో పరుచుకున్నాయి. సర్కారిచ్చిన డబ్బు మాకు గోడల కాడికే సరిపోయింది. పైకప్పు మట్టిమిద్దె. దూలం, దంతెలు, వాటి మీద గనిలో పారేసిన పలుగు బండలు, ఆ పైన చవుడు. వాన పడిన రాత్రి మా అమ్మ నిద్రపోయింది నేను చూడలేదు. కారే చోటల్లా గిన్నెలు సరుదుతానే తెల్లారేది.

ఇంక మా తమ్ముని సంగతి. వాడూ బండల గని కూలే. 2020 డిసెంబర్ 25న రాష్ట్రంలో ఇంటి పట్టాల పంపకం మొదలైంది. పట్టాలు ఆడోళ్ల పేరున. పల్లెలో సెంటున్నర స్థలం, ఇంటికి రూ. 1.80 లక్షలు. మా మరదలి పేరున గుట్ట మీద సెంటున్నర వచ్చింది. సెంటున్నర అంటే 72 గజాలు. అది కూడా చదునుగా ఉన్న 72 గజాలు కాదు. పై మూలకూ కింది మూలకూ ఆరడుగుల దిగుడు.

సర్కారు కాగితంలో అదీ మైదానమే. 2016లో కేంద్రం ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజన పెట్టినప్పుడు మైదానంలో ఇంటికి రూ. 1.20 లక్షలు, 90 రోజుల ఉపాధి కూలి అని రాసినారు. కొండ రాష్ట్రాలకు, కష్టమైన ప్రాంతాలకు రూ. 1.30 లక్షలు, 95 రోజులు. కొండ మీద కట్టేది ఎక్కువ కష్టమని ఢిల్లీకి తెలుసు. అయితే ఎర్రమల, నల్లమల, పాలకొండలు, శేషాచలం చుట్టూ ఉన్న మన జిల్లా పేదోడు ఎక్కిన గుట్ట వాళ్ల లెక్కలో గుట్ట కాదు.

మొదటి నాలుగు నెలలు వాళ్లిద్దరూ కట్టింది ఇల్లు కాదు, నేల. పై మూల తవ్వి కింది మూలలో పోసినారు. పోసిన మట్టి వానకు జారిపోకుండా కింది దిక్కున రాతికట్టు కావాల. ఆ కట్టు పేర్చింది మా మరదలు. సున్నం, సిమెంటు ఏమీ లేవు. పెద్ద రాయి అడుగున, కట్టు మొత్తం గుట్ట దిక్కుకు ఒరిగేటట్టు, సందుల్లో చిప్పరాళ్లు, వెనక నీళ్లు నిలవకుండా అడుగున రెండు తూములు. ఆమె తండ్రి బావులకు కట్టు కట్టే పనోడు. ఆయన వెంట తిరిగి చిన్నప్పుడే నేర్చుకుంది. ఇంజనీరు వచ్చి చూసి "బాగా కట్టినారే, ఎవరు కట్టింది?" అని మా తమ్ముణ్ణి అడిగినాడు. ఆమె పక్కనే తట్ట పట్టుకోని నిలబడి ఉంది.

ఇసుక 20 టన్నులు ఉచితమన్నారు. ట్రాక్టరు తెచ్చి గుట్ట కింద గుమ్మరించి పోయింది. అక్కణ్ణుంచి పైకి బాట లేదు. తట్టకు పదిహేను కిలోల లెక్కన 20 టన్నులు ఎన్ని తట్టలో నేను ఆరో తరగతి పిల్లలకు లెక్క ఇచ్చినా. పదమూడు వందల ముప్పై మూడు తట్టలు పోను ఇంకా కొంచెం మిగిలింది. ఒక పిల్ల లేచి, "సార్, ఖాళీ తట్టతో దిగేది కూడా లెయ్యాల గదా" అన్నది. ఆ పిల్ల తల్లి కూడా అదే గుట్ట మీద మోస్తా ఉంది. సర్కారు అంచనాలో ఎక్కేదీ లేదు, దిగేదీ లేదు. ఉచితం అన్న మాటను మన ఆడోళ్ల నెత్తితో కొలవాల.

గోడలు నడుమెత్తు లేచినప్పుడు ఒకాయన వచ్చినాడు. పేరు రాయను. గుట్టకు అవతల పక్క బండల గని నడిపించే మనుషుల్లో ఒకడు. "మీ స్థలానికి డబ్బిస్తాం, ఇంతవరకు పడిన కూలి కూడా కట్టిస్తాం. ప్రొద్దుటూరులో బాడుగ ఇంట్లో సుఖంగా ఉండండి. ఈడ ఉంటే తూటాలు పేలినప్పుడల్లా గోడలు అదురుతాయి, మీ మంచికే చెప్తున్నా" అన్నాడు. మంచిమాట లోపల బెదిరింపు చుట్టి ఇచ్చినాడు. గుట్ట మీద ఇరవై రెండు పట్టాలుంటే అప్పటికే ఆరుగురు తెల్లకాగితాల మీద వేలిముద్రలు వేసి డబ్బు తీసుకున్నారు.

ఆ రాత్రి అందరం అమ్మ ఇంట్లో కూర్చున్నాం. తమ్ముడు మెత్తబడినాడు. నిజం రాయాలంటే నేనూ మెత్తబడినా. "పట్నంలో ఉంటే పిల్లోళ్ల చదువులు బాగుంటాయి" అన్నా. మా మరదలు అంతవరకూ నోరు తెరవలేదు. "బావా, ప్రొద్దుటూరులో నీకు బాడుగ ఇల్లు ఎన్ని ఇండ్లు తిరిగితే దొరికింది?" అని అడిగింది.

ఆమెకు ఆ సంగతి తెలుసు. ఉద్యోగం వచ్చిన కొత్తలో పదకొండు ఇండ్లు తిరిగినా. గేటుకు 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' అని ఉంటుంది. ఏం ఉద్యోగమంటారు, ఎందరు పిల్లలంటారు, సంతోషపడతారు. తర్వాత "మీరేమిట్లు?" అంటారు. చెప్పినాక వాళ్ల బామ్మర్దికి అప్పుడే ఆ ఇల్లు మాటిచ్చిన సంగతి గుర్తుకొస్తుంది. పన్నెండో ఇల్లు ఒక సాయిబు ఇచ్చినాడు.

"నెలనెలా జీతమొచ్చే సారుకే పదకొండు తలుపులు తియ్యలేదు. గని కూలోళ్లం, మాకెవురు తీస్తారు? ఇది నా పేరున ఉండాది. నేను అమ్మను" అన్నది. చర్చ అయిపోయింది. నేను చదివిన పుస్తకాలన్నీ ఆ పొద్దు నాకు చెప్పలేని మాట అది.

ఇప్పుడు ఆ తమ్ముని ప్రశ్నకొద్దాం. 1948 నవంబర్ 4న రాజ్యాంగసభలో అంబేద్కర్ ఊరి గురించి చెప్పింది నిజమే. ఊరంటే ఇరుకుతనం, అజ్ఞానం, మతపిచ్చి పేరుకున్న గుంత అని తేల్చినాడు. అయితే ఆయన అంతకు ముందు ఏం అడిగినాడో కూడా చూడాల. 1942లో నాగపూరులో షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ మహాసభ మనకు వేరే గ్రామాలు కావాలని తీర్మానం చేసింది. 1947లో రాజ్యాంగసభ కోసం రాసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో, సర్కారు భూమి మీద మన కోసం ఊర్లు కట్టించేదానికి ఒక కమిషను పెట్టాలని అడిగినాడు. అంటే ఆయన చెప్పింది ఉత్తచేతులతో పట్నానికి పారిపొమ్మని కాదు. ఒకరి దయ మీద, ఒకరి బావి మీద, ఒకరి చేను మీద బతికే వాడ వదలండి, మీ నేల మీద మీరు నిలబడండి అని. ఊరు వదిలేది వేరు, నేల వదిలేది వేరు.

కారంచేడు గుర్తు చేసుకోండి. 1985 జూలై 17న మనోళ్లను చంపినాక మిగిలినోళ్లు చీరాలకు వచ్చినారు. తిరిగి రమ్మని ఎవరెన్ని చెప్పినా ఆ ఊరికి పోలేదు. చీరాలలోనే నిలబడి విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. వాళ్లు ఊరు వదిలినారు, అయితే బాడుగ ఇండ్లల్లో చెదిరిపోలేదు. ఒకచోట కలిసి కట్టుకున్నారు కాబట్టే ఉద్యమానికి చిరునామా దొరికింది.

ఇల్లు అంటే ఏందో మన పెద్దలకు తెలుసు. 1849లో జోతిరావు, సావిత్రీబాయి పూలే అంటరానోళ్లకు చదువు చెప్తున్నారని తండ్రి ఇంట్లోంచి బయటికి పంపించినాడు. చదువు కోసం ఇల్లు పోగొట్టుకున్న మొగుడు పెండ్లాలు వాళ్లు. అంబేద్కర్ 1930ల మొదట్లో బొంబాయి దాదరులో 'రాజగృహ' కట్టుకున్నాడు. పుస్తకాలు పెట్టుకునేదానికి చోటుండాలని కట్టిన ఇల్లు అది. రమాబాయి 1935లో కన్నుమూసింది ఆ ఇంట్లోనే. ఇరుకు గదుల్లో ఏండ్లు గడిపిన ఆ ఇద్దరికీ సొంత గోడ విలువ ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

ఆదివారం పేపర్లలో ఈ మధ్య ఒక రకం కథలు చూస్తుంటా. పట్నంలో పెద్ద ఉద్యోగాలు వదిలి మొగుడు పెండ్లాలు కొండల్లోకి పోయి తమ చేతులతో మట్టి ఇల్లు కట్టుకున్నారని రంగుల ఫోటోలు. నాకు వాళ్ల మీద కోపం లేదు. లారీ బేకర్ అనే ఇంగ్లీషాయన 1945లో మన దేశానికి కుష్ఠురోగుల ఆస్పత్రులు కట్టేదానికి వచ్చినాడు. 1948లో ఎలిజబెత్ అనే మలయాళీ డాక్టరును పెండ్లి చేసుకున్నాడు. ఇద్దరూ హిమాలయాల్లో పితోరాగఢ్ దగ్గర కొండ మీద ఇల్లు, ఆస్పత్రి కట్టుకోని పదహారేండ్లు పేదలకు వైద్యం చేసినారు. అక్కడి రాయి, అక్కడి చెక్క, అక్కడి పనోళ్ల దగ్గర నేర్చుకున్న పని. ఇంటికి కావాల్సిన సామాను ఐదు మైళ్ల లోపల దొరికేదై ఉండాలని గాంధీ ఆయనకు చెప్పినాడంటారు. 1990లో సర్కారు పద్మశ్రీ ఇచ్చింది. ఇయ్యాల్సిందే. నేను అడిగేది ఒకటే. మా నాయన రాయి మైలు లోపలిదే. మా మరదలి రాతికట్టుకు రాయి అడుగు లోపలిదే. ఆమె పనిని ఎందుకు పని అనరు? ఒకరు కట్టుకుంటే ఆదర్శం, మనం కట్టుకుంటే 'లబ్ధిదారు'. బేకర్ కొండోళ్ల దగ్గర నేర్చుకున్నానని దాచకుండా చెప్పినాడు. మన ఇంజనీర్లకు ఆ గుణం ఎప్పుడొస్తుంది?

గండికోట చూసేదానికి బస్సుల్లో వస్తారు. కోట, గాదె, మాధవరాయ గుడి, మసీదు చూసి ఏ రాజు కట్టించినాడని అడుగుతారు. కట్టించినోళ్ల పేర్లు చెప్పేదానికి గైడ్లు ఉన్నారు. రాయి ఎత్తినోని పేరు ఒక్కటీ లేదు. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు లేచినాయి. మన గుట్టల సున్నపురాయే పొడై, మూటై, ధర కట్టుకోని మన గుట్టకే వస్తుంది. మోసేది మనమే, కొనేదీ మనమే.

కొందరు మిత్రులు "మట్టిమిద్దె చల్లగా ఉంటుంది, స్లాబు మోజు ఎందుకు?" అంటారు. చల్లగా ఉంటుంది, కాదనను. ఏటా చవుడు ఎవరు మోస్తారు? గిన్నెలు ఎవరు సరుదుతారు? మా అమ్మకు స్లాబు మోజు కాదు, వాన రాత్రి నిద్ర. గోడకు మన రాయి వాడదాం, డబ్బు మిగులుతుంది. పైన స్లాబు వేసుకుందాం. అయితే ముందర పూలగోడలకు, మేడకు, ప్రహరీకి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తేవొద్దు. ఇల్లు నిలబడి, ఇల్లుగలోడు వలస పోతే ఏం లాభం?

పనిలో ఉన్నోళ్లకు నాలుగు మాటలు.

తెల్లకాగితం మీద వేలిముద్ర వెయ్యొద్దు. 1977లో వచ్చిన 9/77 చట్టం ప్రకారం అసైన్డు భూమి కొన్నోనికి హక్కు రాదు. సర్కారు దాన్ని వెనక్కి తీసుకోని మళ్లీ పేదోనికి ఇయ్యొచ్చు. 2023లో చట్టం సవరించి 20 ఏండ్లు దాటిన భూములకు సడలింపు ఇచ్చినారు. 2020 పట్టాకు అది తగలదు. అమ్మినోడు చెడతాడు, కొన్నోడు బెదిరిస్తానే ఉంటాడు.

మన స్థలంలోంచి, ఇంట్లోంచి మనల్ని అన్యాయంగా వెళ్లగొడితే అది అట్రాసిటీ. 1989 చట్టంలోనే ఉంది. 2015 సవరణ తర్వాత సెక్షను 3(1)(జి). కంప్లెయింటులో ఆ నంబరు మీరే రాయండి. స్టేషనులో మర్చిపోతుంటారు.

పట్టా ఆడమనిషి పేరున ఉంటే ఇల్లు కూడా ఆమెదే. ఇది మగోళ్లం మనకు మనం చెప్పుకోవాల్సిన మాట. మా తమ్ముని గోడకు పేరు రాసేదానికి పెయింటరుకు చెప్పింది నేనే, తమ్ముని పేరు ఒక్కటే చెప్పినా. బ్రష్షు ముంచినాక నాకే సిగ్గనిపించి ఆపినా. ఆమె పేరు ముందర, వాని పేరు వెనక రాయించినాం. ఉద్యమంలో ఇరవై ఏండ్లున్నోణ్ణి, నాకే ఆలస్యంగా తట్టింది.

2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెలో 3 సెంట్లు ఇస్తామన్నది. ఆ మూడు సెంట్లు ఎక్కడ అని ఇప్పుడే అడగాల. మళ్లీ గుట్టేనా? ఊరి పక్క చదును నేల కొని ఇయ్యమనండి. గుట్టే ఇస్తే గుట్ట లెక్కన డబ్బియ్యమనండి. ముందు బాట, నీళ్లు, కరెంటు, తర్వాత పునాది. మాల వరసకు ఒక కొళాయి, మాదిగ వరసకు ఒక కొళాయి అని ఎవరైనా పైపు చీలిస్తే ఒప్పుకోవద్దు. గుట్ట ఎక్కినాక కూడా రెండు పల్లెలుగా ఉంటే ఊరోళ్లు కింద కూర్చోని నవ్వుతారు.

మా తమ్ముడూ మరదలూ ఏప్రిల్ 14న ఇంట్లో చేరినారు. ముహూర్తం లేదు, వాస్తు లేదు. మా అమ్మ గుమ్మడికాయ కట్టాలని పట్టుబట్టింది. కట్టనీలే అన్నాం. లోపల బాబాసాహెబ్ ఫోటో, బయట గుమ్మడికాయ. ఒక్క దినంలో అన్నీ మారవు. గుట్ట మీద ఇప్పుడు పదహారు ఇండ్లు లేచినాయి. అమ్ముకున్న ఆరుగురిలో ఇద్దరు కాగితం వెనక్కి ఎట్లా తెచ్చుకోవాలని అడుగుతున్నారు. వాళ్లను తిట్టకుండా వాళ్ల వెంట తహసీల్దారు ఆఫీసుకు పోతున్నాం.

గని ఆగలేదు. పడమటి గోడకు జానెడు పగులు వచ్చింది. మా మరదలు చదివింది ఐదో తరగతి. ఆ పగులు పక్కనే బొగ్గుతో తేదీ వేసి పెట్టింది. పగులు పెరిగినప్పుడల్లా ఇంకో తేదీ వేస్తా ఉంది. ఇప్పటికి నాలుగు. ఆ నాలుగు తేదీలతో పదహారు ఇండ్లోళ్లం గనుల శాఖకు, కలెక్టరుకు అర్జీ పెట్టి రసీదు తీసుకున్నాం.

తమ్ముడూ, ఆ పొద్దు టీ అంగడి దగ్గర నువ్వడిగిన ప్రశ్నకు మిగతా సగం జవాబు ఇది. గుట్ట మనకు వాళ్లు వేసిన శిక్ష. దాని మీద మన చేతులతో ఇల్లు లేచినాక అది మన నేల. ఇంక దిగమంటే దిగేది లేదు.

జై భీం.